దత్తాంశాల ప్రామాణిక నామకరణం, వర్గీకరణ

వేర్వేరు కార్యాలయాలు, కంపెనీలు, ఆసుపత్రులు, దేశాలు ఒకే విషయాన్ని ఒకే పేరుతో, ఒకే అర్థంతో, ఒకే కొలతలో, ఒకే వర్గం కింద రాసుకోవడానికి కుదుర్చుకునే కట్టుబాట్లను దత్తాంశాల ప్రామాణిక నామకరణం, వర్గీకరణ అంటారు. వ్యాధులకు, సరుకులకు, ఊళ్లకు, బ్యాంకు శాఖలకు, పుస్తకాలకు, అక్షరాలకు ఇచ్చే కోడ్ పట్టికలన్నీ ఈ కట్టుబాట్లలోంచే పుట్టాయి. వాడుకలో వీటిని డేటా ప్రమాణాలు అంటున్నారు.

వీటి అవసరం తెలియాలంటే పొలం కాగితాలు చూస్తే చాలు. విస్తీర్ణం గడిలో 2.20 అని ఉంటే తెలంగాణ రైతు రెండెకరాల ఇరవై గుంటలని చదువుకుంటాడు. కోస్తా రైతు రెండెకరాల ఇరవై సెంట్లని చదువుకుంటాడు. ఎకరానికి గుంటలు 40, సెంట్లు 100. కాబట్టి మొదటిది రెండున్నర ఎకరాలు, రెండోది అంతకు ముప్పై సెంట్లు తక్కువ. ఆ వివరం రాసే రికార్డును ఒకచోట పహాణీ అంటారు, ఇంకోచోట అడంగల్ అంటారు. ఇద్దరు రైతులూ సరిగ్గానే చదివారు. చిక్కల్లా రెండు రికార్డులూ ఒక కంప్యూటర్లోకి చేరినప్పుడే మొదలవుతుంది. గుంటల లెక్కలో 2.20కి 1.30 కలిపితే నాలుగెకరాల పది గుంటలు రావాలి. చుక్కను దశాంశ బిందువు అనుకున్న యంత్రం 3.50 అని చూపిస్తుంది. ఆ కూడికలో పొరపాటు ఉన్నట్టు ఎక్కడా హెచ్చరిక రాదు, మొత్తం మాత్రం తప్పుగా పైకి పోతుంది. గడి పేరు పక్కన కొలమానం రాసి ఉండకపోవడమే దీనికంతటికీ కారణం.

పేరు, నిర్వచనం, విలువ

ఒక సమాచారాన్ని ఎలా పేర్కొనాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 11179. దాని ప్రకారం ప్రతి దత్తాంశానికీ మూడు సంగతులు తేలాలి: అది దేని గురించి, దానిలోని ఏ లక్షణం గురించి, ఆ లక్షణాన్ని ఏ రూపంలో రాస్తారు. ‘వ్యక్తి’ మొదటిది, ‘పుట్టిన తేదీ’ రెండోది, ‘ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు’ అన్నది మూడోది. ఈ మూడూ తేలకుండా పట్టికలో ‘తేదీ’ అని మాత్రమే రాస్తే అది దరఖాస్తు పెట్టిన తేదీయో, మంజూరైన తేదీయో, కంప్యూటర్లో ఎక్కించిన తేదీయో పదేళ్ల తర్వాత చెప్పేవాళ్లుండరు. 03/04/2022 అన్నది హైదరాబాదులో ఏప్రిల్ మూడు, అమెరికాలో మార్చి నాలుగు. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం దాన్ని 2022-04-03 అని రాయమంటుంది. అలా రాస్తే సందేహం తీరడమే కాదు, తేదీలు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి.

ప్రమాణాల పని అనగానే చాలామంది కోడ్ నంబర్ల గురించే ఆలోచిస్తారు. అసలు శ్రమంతా నిర్వచనంలో ఉంటుంది. ‘ఇల్లు’ అంటే కప్పు కింది కట్టడమా, ఒకే వంటగది వాడుకునే కుటుంబమా అన్నది తేల్చకుండా ఇళ్లకు ఎన్ని అంకెల నంబరు ఇచ్చినా ఇద్దరు లెక్కగాళ్లు రెండు మొత్తాలు తెస్తారు. జనగణన అధికారులు ఇంటినీ కుటుంబాన్నీ విడివిడిగా నిర్వచించి, రెంటినీ వేరువేరుగా లెక్కపెట్టేది ఇందుకే.

చావు కారణాల జాబితా నుంచి ఐసీడీ దాకా

ఈ రంగంలో చాలా పాతది, ఎంతో చర్చ జరిగింది వ్యాధుల వర్గీకరణ. 17వ శతాబ్దపు లండన్‌లో ఏ వారం ఎందరు ఏ కారణంతో చనిపోయారో పట్టికలు వేసేవారు. వాటిలో చనిపోయినవారి వయసు ఉండేది కాదు. జాన్ గ్రాంట్ 1662లో ఆ పట్టికలను ముందేసుకుని, పుట్టిన పిల్లల్లో ఆరేళ్ల లోపే ఎందరు పోతున్నారో అంచనా కట్టడానికి పూనుకున్నాడు. పసిపిల్లలకే వచ్చేవని తోచిన కారణాలను ఏరుకున్నాడు: మూర్ఛలు, రికెట్స్, ‘పళ్లు, పురుగులు’ వంటివి. లెక్క 36 శాతం దగ్గర తేలింది. ‘పళ్లు’ అన్నది చావుకు కారణంగా రాసి ఉండటం ఇవాళ వింతగా కనిపిస్తుంది. పళ్లు వచ్చే వయసులో పోయిన బిడ్డ అని దాని భావం. పేరు అంత వదులుగా ఉన్నా అంచనా నిజానికి దూరంగా పోలేదని తర్వాతి పరిశీలకులు భావించారు.

1837లో ఇంగ్లండులో చావుపుట్టుకల నమోదు మొదలయ్యాక ఆ నమోదు కార్యాలయంలో గణాంకాలు చూసిన వైద్యుడు విలియం ఫార్. ఒకే జబ్బును మూడు నాలుగు పేర్లతో పిలుస్తున్నారని, ఒకే పేరు ఎన్నో జబ్బులకు వాడుతున్నారని ఆయన తొలి నివేదికలోనే ఎత్తిచూపాడు. భౌతిక శాస్త్రాలకు తూనికలు, కొలతలు ఎంతో ఈ విచారణకు పేర్ల పట్టిక అంత అని ఆయన వాదం. 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ఫార్‌నూ, జెనీవాకు చెందిన మార్క్ డెస్పీన్‌నూ అన్ని దేశాలకూ పనికొచ్చే జాబితా తయారుచేయమంది. ఇద్దరూ వేర్వేరు జాబితాలు తెచ్చారు. ఫార్ అంటువ్యాధులను, దేహమంతటికీ చెందిన జబ్బులను, ఏదో ఒక అవయవానికి చెందినవాటిని, ఎదుగుదలకు సంబంధించినవాటిని, దెబ్బలు, హింస వల్ల వచ్చే చావులను విడదీశాడు. డెస్పీన్ జబ్బు స్వభావాన్ని బట్టి విడదీశాడు. 1855లో పారిస్ సభ రెంటినీ కలిపి 139 పద్దుల జాబితాతో రాజీ చేసింది. అలాంటి రాజీలు చాలాకాలం నిలవవు, ఇదీ నిలవలేదు. పారిస్ నగర గణాంక విభాగం అధిపతి జాక్ బెర్టిల్లన్ 1893లో షికాగోలో సమర్పించిన వర్గీకరణ ఫార్ పద్ధతినే అనుసరించింది. దాన్నే దేశాలు ఒప్పుకున్నాయి. 1900లో 26 దేశాల ప్రతినిధులు పారిస్‌లో కూర్చుని మొదటి సవరణ చేశారు. దాదాపు పదేళ్లకోసారి సవరించుకుందామన్న ఏర్పాటు అప్పుడే మొదలైంది.

1948లో ఆరో సవరణ నాటికి ఈ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ (ఐసీడీ) బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరింది. చావుకు దారితీయని జబ్బులు కూడా అప్పుడే జాబితాలోకి వచ్చాయి. 1990లో ఆమోదం పొందిన పదో సవరణను, అంటే ఐసీడీ-10ని, మన ఆసుపత్రులు, బీమా కంపెనీలు వాడుతూ వచ్చాయి. ఆ జాబితాలో ఈ11 అంటే రెండో రకం మధుమేహం, ఐ21 అంటే గుండెపోటు. స్వలింగ సంపర్కాన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది కూడా ఈ సవరణే. జాబితాలో ఒక పద్దు ఉండటం, లేకపోవడం మనుషుల బతుకులను ఎంతగా తాకుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. 2019లో ఆమోదించిన ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యాల్లోని వ్యాధి పదాలను అందులో చేర్చిన విభాగాన్ని 2024 జనవరిలో ఢిల్లీలో విడుదల చేశారు.

పట్టిక ఎంత చక్కగా ఉన్నా అందులోకి వెళ్లే మాట సరిగ్గా లేకపోతే ఫలితం ఉండదు. మరణ ధ్రువపత్రంలో ‘గుండె ఆగిపోవడం’ అని రాస్తే అది కారణం కాదు, చావు ఎవరికైనా అలాగే వస్తుంది. ఏ జబ్బు ఆ వరుసకంతటికీ నాంది పలికిందో రాయాలన్నది ఐసీడీ నియమం. మన దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 2020 నివేదిక ప్రకారం 22.5 శాతమే. తక్కినవారు దేనితో పోయారో ఏ కోడూ చెప్పలేదు. ఊళ్లో ‘జ్వరమొచ్చి పోయాడు’ అన్న మాటే మిగులుతుంది.

మిరపకాయ ఏ అధ్యాయంలో ఉంటుంది?

సరుకుల విషయంలో ఈ పాత్రను హార్మొనైజ్డ్ సిస్టమ్ పోషిస్తోంది. 1983లో కుదిరిన ఒడంబడికతో 1988 జనవరి 1న ఇది అమల్లోకి వచ్చింది. 200కు పైగా దేశాలు, ఆర్థిక ప్రాంతాలు దీన్ని వాడుతున్నాయి. మన వ్యాపారులు హెచ్ఎస్ఎన్ కోడ్ అనేది దీన్నే. మొదటి రెండంకెలు అధ్యాయం, తర్వాతి రెండు శీర్షిక, ఆ తర్వాతి రెండు ఉపశీర్షిక. ఆరంకెల దాకా ప్రపంచమంతా ఒకటే. ఆపైన ఏ దేశానికి కావలసినట్టు ఆ దేశం పెంచుకుంటుంది. భారత కస్టమ్స్ ఎనిమిది అంకెలు వాడుతుంది.

గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే ఎండుమిర్చి సుగంధ ద్రవ్యాల అధ్యాయంలో 0904 21. అదే కాయను మరలో ఆడిస్తే కారం 0904 22 అవుతుంది. కోసిన వెంటనే పచ్చిమిర్చిగా అమ్మితే అది కూరగాయల అధ్యాయంలో 0709 60. మొక్క ఒకటే, చేను ఒకటే. ఈ వర్గీకరణకు వృక్షశాస్త్రంతో నిమిత్తం లేదు. సరుకు ఏ రూపంలో రేవు దాటుతుంది, ఎవరికి అమ్ముడుపోతుంది అన్నదే దాని ప్రశ్న. ప్రతి వర్గీకరణా ఎవరో ఒకరి అవసరం కోసం పుడుతుంది కాబట్టి, ఒక అవసరానికి చేసినదాన్ని మరో అవసరానికి వాడేటప్పుడు జాగ్రత్తపడాలి.

ఏ శీర్షిక కిందకు వస్తుందన్నదాని మీద పన్ను రేటు ఆధారపడితే తగవు కోర్టుకెక్కుతుంది. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనె 1513 కింద వంటనూనెయా, 3305 కింద తలనూనెయా అన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 2018లో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నంగా తీర్పులిచ్చారు. 2024 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం సీసా చిన్నదైనంత మాత్రాన అది తలనూనె కాదని, తలనూనెగా అమ్ముతున్నట్టు ప్యాకింగు మీద ఉంటేనే ఆ శీర్షిక వర్తిస్తుందని తేల్చింది.

ఊరు మారదు, చిరునామా మారుతుంది

స్థలాలకు కోడ్‌లు ఇవ్వడం సులువనిపిస్తుంది. కానీ మండలం అన్న మాటనే తీసుకోండి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985లో తాలూకాలు, ఫిర్కాల స్థానంలో మండలాలను తెచ్చింది. కర్ణాటకలో ఆ అంచెను ఇప్పటికీ తాలూకా అంటారు, పలు ఉత్తరాది రాష్ట్రాల్లో తహసీలు అంటారు. జనగణన వీటన్నిటికీ ‘ఉపజిల్లా’ అన్న ఉమ్మడి పేరు పెట్టుకుంది. పేరు ఉమ్మడిదైనా పరిమాణం ఉమ్మడిది కాదు. మన మండలం పక్క రాష్ట్రపు తాలూకా కన్నా చాలా చిన్నది. ‘ఉపజిల్లాకు ఎన్ని బడులు’ అని రాష్ట్రాలను పోల్చిన పట్టిక చూసినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

రాష్ట్ర విభజన, జిల్లాల పునర్విభజన ఈ రంగంలో మనకు మంచి పాఠాలు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు చేరిన ప్రాంతాల్లో చింతూరు ఒకటి. అది ముందు తూర్పుగోదావరి జిల్లాలో కలిసింది, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఆ రోజే ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయి, 2019లో 33కు చేరాయి. చింతూరులో 1990లో పుట్టిన మనిషి కాగితాల్లో 2022 నాటికే మూడు జిల్లాల పేర్లు చేరాయి. అతను ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు. పిన్‌కోడ్ మాత్రం రాష్ట్రం మారాక కూడా ఖమ్మం వైపు 507తోనే కొనసాగింది. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ ఉత్తరాలు ఏ దారిన పోవాలో చెప్పడానికి పుట్టింది, పరిపాలన హద్దులు చెప్పడానికి కాదు. పిన్‌కోడ్ చూసి రాష్ట్రాన్ని నిర్ణయించే దరఖాస్తు ఫారాలు ఇలాంటి ఊళ్ల వారిని పొరుగు రాష్ట్రంలో వేస్తాయి.

2011 జనగణనలో ప్రతి గ్రామానికీ దేశం మొత్తం మీద మరెక్కడా రాని ఆరంకెల కోడ్ ఇచ్చారు. జిల్లా మారినా గ్రామం కోడ్ మారనక్కర్లేదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కూడా రాష్ట్రం నుంచి గ్రామ పంచాయతీ దాకా ప్రతి అంచెకూ కోడ్ ఇస్తుంది. అన్ని శాఖలూ ఆ కోడ్‌లనే వాడాలన్నది ఉద్దేశం. వెంకటాపురాలు, కొత్తపల్లులు, రామాపురాలు లెక్కకు మిక్కిలి ఉన్న చోట, ఒకే ఊరి పేరును ఇంగ్లిషులో నాలుగు రకాల అక్షరక్రమంతో రాసే చోట, పేరు మీద ఆధారపడటం కుదరదు కనుక ఈ డైరెక్టరీ విలువ ఎక్కువ.

అయినా ఒకే ప్రభుత్వ వ్యవస్థలో రెండు పట్టికలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఈ డైరెక్టరీలో ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36, లద్దాఖ్ 37. జీఎస్టీ నంబర్లలో తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37, లద్దాఖ్ 38. జీఎస్టీ పట్టికలో 28 విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి కొత్త రాష్ట్రానికి వేరే అంకె ఇచ్చారు. రెండు నిర్ణయాలకూ సమర్థన ఉంది. కానీ పన్ను శాఖ పట్టికను, పంచాయతీరాజ్ పట్టికను రాష్ట్ర కోడ్ ఆధారంగా కలిపినవాళ్లు విజయవాడ వ్యాపారిని లేహ్‌కు పంపించేస్తారు. తెలంగాణ వాహనాల మీద 2014 నుంచి ఉన్న టీఎస్ 2024 మార్చిలో టీజీ అయింది. పాత బండ్ల మీద పాతదే ఉంది. కాబట్టి రవాణా సాఫ్ట్‌వేర్లన్నీ రెండూ ఒకే రాష్ట్రమని ఎప్పటికీ గుర్తుంచుకోవాలి.

ఇంటిపేరు ముందా, వెనకా?

మనిషి పేరు అన్నిటికన్నా కష్టమైన దత్తాంశం. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని అడిగే ఫారంలో మొదట రాసేదే ఫస్ట్ నేమ్ అనుకుని ఇంటిపేరు అక్కడ రాసినవాళ్లు లెక్కలేనంతమంది. బడి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో అది చివరకు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారి విషయంలో అమెరికా వీసా అధికారులు ఉన్న పేరును ఇంటిపేరుగా తీసుకుని, అసలు పేరు చోట ‘పేరు తెలియదు’ అన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని రాస్తారు. అలా ముద్రపడ్డ తెలుగు విద్యార్థి అక్కడ బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ఆ మూడక్షరాలను మోయవలసివస్తుంది. తప్పు విద్యార్థిది కాదు. ప్రపంచంలో అందరి పేర్లూ రెండు ముక్కలుగా, ఒకే వరుసలో ఉంటాయని ఆ ఫారం తయారుచేసినవారు అనుకోవడంలో ఉంది. పాస్‌పోర్టుల అంతర్జాతీయ ప్రమాణం ముందు, వెనక అనకుండా ‘ప్రధాన గుర్తింపు’, ‘ద్వితీయ గుర్తింపు’ అంటుంది. అది ఎక్కువ న్యాయమైన పద్ధతి.

గ్రంథాలయాలు ఈ చిక్కును చాలా ముందే ఎదుర్కొన్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య పుస్తకాన్ని భోగరాజు దగ్గర వెతకాలా, పట్టాభి దగ్గరా, సీతారామయ్య దగ్గరా? ఒక రూపాన్ని అధికారికంగా ఎంచుకుని, తక్కిన రూపాలన్నిటి నుంచీ దానికి దారి చూపించడం సూచికకారుల పద్ధతి. ఏ రూపాన్నీ చెరిపేయరు. ఆధునిక డేటా సంస్థలు ‘మాస్టర్ డేటా’ పేరుతో చేస్తున్న పని కూడా మౌలికంగా ఇదే.

చెట్టు కొమ్మలు, విడిభాగాలు

వర్గీకరణలు రెండు తీరుల్లో కట్టవచ్చు. ఒకటి చెట్టులా పైనుంచి కిందికి చీలుతూ పోయేది. ఐసీడీ, సరుకుల కోడ్‌లు, 1876 నాటి డ్యూయీ దశాంశ పద్ధతి ఇలాంటివి. వీటిలో ప్రతి వస్తువుకూ ముందే ఒక గూడు ఉండాలి. రెండో తీరుకు దారి చూపినవాడు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్. గణితం చెప్పే పంతులు గ్రంథాలయాధికారి అయి, శిక్షణకు లండన్ వెళ్లి, అక్కడ దుకాణంలో మెకానో బొమ్మను చూశాడు. కొన్ని ముక్కలు, బోల్టులతో ఎన్ని బొమ్మలైనా కట్టవచ్చు. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణ ప్రతి విషయాన్నీ కొన్ని ముఖాలుగా విడదీసి, వాటిని కలిపి సంఖ్య కడుతుంది. ప్రధాన వస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం అన్నవి ఆ ఐదు ముఖాలు.

వైద్య పరీక్షల కోడ్‌లు ఇచ్చే లోయిన్‌క్ పట్టికలో అదే ఆలోచన కనిపిస్తుంది. 1994లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో రీగెన్‌స్ట్రీఫ్ సంస్థ దీన్ని మొదలుపెట్టింది. మనం ‘షుగర్ టెస్టు’ అనేసే దాన్ని అది ఆరు ప్రశ్నలుగా విడదీస్తుంది: ఏ పదార్థం, దాని ఏ లక్షణం, ఏ సమయంలో, ఏ నమూనాలో, ఏ రకం స్కేలు మీద, ఏ పద్ధతిలో. రక్తద్రవంలో గ్లూకోజు 2345-7, పరగడుపునైతే 1558-6, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 4548-4. ఒంగోలులో చేసిన పరీక్ష ఫలితం హైదరాబాదు ఆసుపత్రి కంప్యూటర్లో పాత ఫలితాల పక్కన సరిగ్గా కూర్చోవాలంటే రెండు ల్యాబులూ ఇలాంటి కోడ్‌తోనే పంపాలి. అలా పంపకపోతే రోగి ఫైలు మోసుకుంటూ తిరగాలి, లేదా మళ్లీ రక్తం ఇవ్వాలి.

కోడ్ ఎలా ఉండాలి

కోడ్‌లోనే అర్థం ఇమడ్చాలన్న కోరిక సహజం. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండూ రాష్ట్రం, తర్వాతి పదీ పాన్. చూడగానే తెలుస్తుంది. అయితే ఇమిడ్చిన అర్థం మారిపోతే కోడ్ కూడా మార్చాలి. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో మొదటి నాలుగక్షరాలు బ్యాంకువి కావడంతో ఏఎన్‌డీబీ శాఖలన్నీ యూబీఐఎన్ అయ్యాయి. ఖాతాదార్లు జీతం, పింఛను, గ్యాస్ రాయితీ వచ్చే ప్రతిచోటా కోడ్ సరిచూసుకోవలసివచ్చింది. ఏ అర్థమూ లేని ఆధార్ సంఖ్యకు ఈ బెడద లేదు. అర్థం లేని కోడ్, ఒకసారి ఇచ్చాక మరొకరికి ఇవ్వని కోడ్ ఎక్కువ కాలం బతుకుతుందన్నది ఈ రంగంలో పనిచేసేవారి అనుభవం.

చేతిరాత పొరపాట్లను పట్టడానికి చివర తనిఖీ అంకె చేరుస్తారు. పుస్తకాల ఐఎస్‌బీఎన్‌లో, లోయిన్‌క్‌లో గీత తర్వాతి అంకెలో, ఆధార్ పన్నెండో అంకెలో ఉన్నది అదే. ఆధార్ వాడే సూత్రం డచ్ గణితజ్ఞుడు వెర్‌హూఫ్ 1969లో ఇచ్చింది. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టేస్తుంది.

అక్షరాలకూ కోడ్‌లు కావాలి. తొలి తెలుగు వెబ్‌సైట్లు, పత్రికలు ఎవరి ఫాంటు వారే చేయించుకున్నాయి. ఒకరి వ్యాసం మరొకరి కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపించేది. యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది, యూనికోడ్ మొత్తం వరుసలో ‘అ’ స్థానం 3077. ఆ పట్టిక నిలదొక్కుకున్నాకే తెలుగులో వెతకడం, వరుసలో పేర్చడం సాధ్యమయ్యాయి. ఇప్పటికీ ఒక చిక్కుంది. పొల్లు తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు ఒకరు పెడతారు, మరొకరు పెట్టరు. ఆ గుర్తు మాట చివర పడితే రెండు పేర్లూ తెరమీద అచ్చంగా ఒకేలా ఉంటాయి, యంత్రానికి మాత్రం వేర్వేరు.

పట్టికకు కాపలా

ఒక పట్టిక నుంచి మరో పట్టికకు జతలు కలపడం ఈ రంగంలో నిత్యకృత్యం. ఒక పాత కోడ్ రెండుగా చీలితే పాత రికార్డులను ఏ సగంలో వేయాలో వాటిలోనే రాసి ఉండదు. ఉమ్మడి జిల్లా పంట దిగుబడిని కొత్త జిల్లాల వారీగా పంచాలనుకునేవారికి ఇది తెలిసిన బాధే. అందుకే ప్రతి కోడ్‌కూ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాయడం, పాతవి తుడిచేయకుండా ‘వాడుకలో లేదు’ అని గుర్తు పెట్టడం మంచి రిజిస్ట్రీల లక్షణం. ఈ పనికి ఒక మనిషినో, ఒక విభాగాన్నో బాధ్యులుగా నియమించకపోతే పట్టిక కొన్నేళ్లలో పాతబడుతుంది. అప్పుడు ప్రతి శాఖా సొంత కోడ్‌లు మొదలుపెడుతుంది.

పట్టిక ఆరోగ్యాన్ని చెప్పే గుర్తు ‘ఇతరములు’ అన్న గడి. అది ఉబ్బుతోందంటే జనం జీవితంలో ఉన్నది పట్టికలో లేదన్నమాట. దీన్ని ముందే ఊహించిన ఐసీడీ-10 కర్తలు యు అక్షరం కింద కొన్ని స్థానాలను, ఇంకా పుట్టని జబ్బుల కోసం, ఖాళీగా వదిలిపెట్టారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఖాళీలో రెండు కోడ్‌లు నింపింది. పరీక్షలో వైరస్ కనబడిన కోవిడ్‌కు యు07.1, లక్షణాలు ఉండి పరీక్షలో వైరస్ తేలని కోవిడ్‌కు యు07.2.